టీ కొట్టుకి ఎదురుగా నేను

మా ఊరి మొగలో, అంటే రోడ్డు మీంచి ఊళ్లోకి తిరిగే చోట, టీ కొట్టుకి ఎదురుగా, రెండు సరుగుడు కర్రలకి కట్టిన ఫ్లెక్సీలో నేను కొన్ని నెలలు నవ్వుతూ ఉన్నాను. ఆ నవ్వు ఆ సందర్భానిది కాదు. పెళ్లిచూపుల కోసం కాశీబుగ్గ స్టూడియోలో తీయించుకున్న ఫొటోలోంచి కత్తిరించి తెచ్చినది. ఆ సంబంధమూ కుదరలేదు. కాబట్టి ఆ నవ్వు ఇప్పటికి రెండు చోట్ల తొందరపడినట్టు లెక్క.

"డాక్టరేట్ సాధించిన మా ఊరి ముద్దుబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు" అని పైన. కింద ఒక జీడిపిక్క బొమ్మ, దాని పక్కన ఎక్కడినుంచో పట్టుకొచ్చిన పళ్లచక్రం. ఆ పక్కన మా బావ, అంటే మా అక్క భర్త, నాకంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా, చేతులు జోడించి. ఫ్లెక్సీ వేయించింది ఆయనే. మా వైపు ఏ ఫ్లెక్సీలోనైనా వేయించినవాడి మొహమే పెద్దగా ఉంటుంది. దినం ఫ్లెక్సీల్లో కూడా అంతే. పోయినాయన ఏ మూలో సర్దుకుంటాడు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. నాకు డాక్టరేట్ రాలేదు.

నేను టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఉద్దానంలోని మా ఊరికి శనివారమో ఆదివారమో వెళ్లి సోమవారం పొద్దున్న తిరిగి వస్తాను. ఖాళీ ఉన్నప్పుడు పరిశోధన చేస్తాను. ఖాళీ లేనప్పుడు పరిశోధన చేస్తున్నానని చెబుతాను. లేత్ మిషను మీద ఇనప కడ్డీని చెక్కుతుంటే టూల్ మొన ఎర్రగా కాలిపోతుంది, తొందరగా అరిగిపోతుంది. అది అరక్కుండా నూనె పోస్తారు. బజారులో దొరికే నూనె బదులు మన జీడి తొక్కల్లోంచి వచ్చే నూనెని చుక్కలు చుక్కలుగా వేస్తే ఎలా ఉంటుంది? ఇదీ నా థీసిస్. ఈ నాలుగు ముక్కల్ని రెండు వందల పేజీలు చేయడానికి నాకు యవ్వనంలో మంచి భాగం పట్టింది.

జీడి నూనె నా ఆలోచన కాదు. మొదటి రోజు మా గైడ్ గారు నన్ను మీదేవూరని అడిగారు. పలాస వైపు అన్నాను. అయితే జీడితో ఏదైనా చెయ్యవయ్యా, కొత్తగా ఉంటుంది అన్నారు. నాది సముద్రం ఒడ్డునున్న బారువ అయివుంటే ఎండుచేపల నూనెతో లేత్ తిప్పుతూ ఉండేవాణ్ణి. విజ్ఞానశాస్త్రంలో పుట్టిన ఊరి పాత్ర గురించి ఎవరూ సరిగా రాయలేదు.

థీసిస్ బైండు చేయించి యూనివర్సిటీలో ఇచ్చిన రోజు అమ్మకి ఫోన్ చేసి ఇచ్చేశానని చెప్పాను. అమ్మ అక్కకి చెప్పింది, అక్క బావకి చెప్పింది. మా ఊళ్లో జీడిపిక్కలు పండించినవాడు వ్యాపారికి ఇచ్చాడంటే పని అయిపోయినట్టే. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు తీసి, కోసి, పప్పు చూసి, అక్కడికక్కడే ఏదో ఒకటి అనేస్తాడు. నీ పిక్కలు వేరే రాష్ట్రంలో ఇద్దరు పెద్దమనుషులకి పంపిస్తాను, వాళ్లు తీరిగ్గా చూసి ఆర్నెల్లకి రాస్తారు, తర్వాత నువ్వొచ్చి నిలబడి ఇవి పిక్కలేనని వాదించాలి అని ఏ వ్యాపారీ అనడు. అంటే మా నాన్న బస్తా ఎత్తుకుని వచ్చేస్తాడు. అందుకని ఆ తతంగం మావాళ్లెవరికీ తట్టలేదు. ఆ వారమే ఫ్లెక్సీ లేచింది.

బావకి ఫోన్ చేశాను. ఇంకా రాలేదని, పరీక్షకుల రిపోర్టులు రావాలని, ఆ తర్వాత వైవా ఉంటుందని ఓపిగ్గా చెప్పాను.

"వత్తాది కదా?" అన్నాడు.

"వత్తాదనే అనుకుంతన్నాను బావా."

"మరేటి? పెళ్లి కార్డు పెళ్లయ్యాక పంచుతామేటి?"

నేను తర్కంలో అంత గట్టివాణ్ణి కాను. ఫోన్ పెట్టేశాను.

ఆ ఆదివారమే దాన్ని విప్పించి ఉండాల్సింది. ఆ ఉద్దేశంతోనే ఊరెళ్లాను కూడా. ఆటో దిగేసరికి టీ కొట్టు బెంచీ మీద నాన్న కూర్చుని ఉన్నాడు.

ఇందులో వింతేముందని మీరు అనుకోవచ్చు. తుఫానుకి మా తోట పడిపోయిన దగ్గర్నుంచీ నాన్న ఆ కొట్టుకి వెళ్లడం మానేశాడు. కొబ్బరి చెట్లు కొన్ని విరిగాయి, జీడిమామిడి చెట్లు మొత్తం వేళ్లతో సహా పడుకున్నాయి. ఆ కొట్టు దగ్గర మాటలన్నీ ఎవడి తోట ఎలా కాసింది, ఎవడికి ఎంత దిగింది అనే. చెప్పడానికి ఏమీ లేనివాడు అక్కడ కూర్చోవడం అంటే పరీక్ష రాయనివాడు రిజల్ట్స్ రోజున బడికి వెళ్లడం లాంటిది. మళ్లీ మొక్కలు నాటాడు. అవి పెరుగుతున్నాయి, కాస్తున్నాయి కూడా. అయినా టీ ఇంట్లోనే తాగేవాడు. అమ్మ పెట్టే టీ కొట్టు టీకంటే మేలని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. అది నిజం కాదు. అమ్మకి కూడా తెలుసు.

అలాంటివాడు ఆరోజు ఫ్లెక్సీకి ఎదురుగా ఉన్న బెంచీ మీద, గ్లాసు చేత్తో పట్టుకుని, నా పని గురించి కొట్టాయనకి చెబుతున్నాడు. "ఇనుము కోసినప్పుడు వేడెక్కిపోతాది. మనం పారేసే తొక్కుంది సూడు, దాని నూనె సుక్క ఏత్తే సల్లబడతాదని మావోడు తేల్చినాడు." నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను కూర్చుని టీ తాగాను. ఫ్లెక్సీ విప్పడం గురించి ఎత్తలేదు.

కొట్టాయన టీకి డబ్బులు తీసుకోలేదు. ఆ టీ ఇప్పటికీ నాకు అరగలేదు.

రిపోర్టులు వేసవి మొదట్లో వచ్చాయి. ఒకాయన బాగుందన్నాడు. రెండో ఆయన కూడా భాష మర్యాదగానే రాశాడు. విషయం ఆసక్తికరం, స్థానిక వనరుల వినియోగం ప్రశంసనీయం, అయితే ప్రతి ప్రయోగమూ ఒక్కసారే చేసినట్టు కనిపిస్తోంది, నూనె కూడా ఒకే సీజనుది, ఒకే చోటునుంచి తెచ్చినది, కనుక ప్రయోగాలన్నీ కొత్త నూనెతో మళ్లీ చేసి, ఒక్కొక్కటి కనీసం మూడుసార్లు చేసి, అప్పుడు సమర్పించవలెను. గైడ్ గారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇదేమంత పెద్ద విషయం కాదన్నారు. మంచినీళ్లివ్వడంతోనే పెద్ద విషయమని నాకర్థమైంది. ఒక్కసారి జరిగినదాన్ని ప్రయోగం అనరయ్యా, సంఘటన అంటారు అని కూడా అన్నారు. ఎంతో కష్టపడి సంఘటనల మీద రెండు వందల పేజీలు రాశానన్నమాట.

ఒక్కసారే ఎందుకు చేశానో కాలేజీలో అందరికీ తెలుసు. లేత్ బేరింగు పోయి చాలాకాలం పడుకుంది. బాగయ్యాక విద్యార్థుల ల్యాబులు వరసపెట్టి వచ్చాయి. ఇవన్నీ నిజాలే. ఎవరు అడిగినా ఇవే చెప్పాను. చెప్పినకొద్దీ ఇవి తప్ప ఇంకేదో ఉందని నాకే అనిపించేది.

ఊళ్లో చెప్పాలి కదా. ఆ ఆదివారం టీ కొట్టు దగ్గర అందరూ ఉన్నప్పుడు, నాన్న పక్కనే ఉండగా, నా థీసిస్ వెనక్కి వచ్చేసింది, మళ్లీ చెయ్యమన్నారు అన్నాను. బెంచీ అంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నాన్న నవ్వాడు. "ఈడికి అన్నీ ఎటకారాలే" అని కొట్టాయనతో గర్వంగా అన్నాడు.

వాళ్ల తప్పేం లేదు. పదో తరగతి పాసైన రోజు ఫెయిలయ్యానని చెప్పి అమ్మచేత ఏడిపించినవాణ్ణి నేను. ఉద్యోగం వచ్చినప్పుడు బెల్లు కొట్టే పని ఇచ్చారని చెప్పాను. మేనత్త కూతురి పెళ్లిలో పంతులుగారు జ్వరంతో పడిపోయారని ఒక పుకారు పుట్టించి, ఆయన స్వయంగా వచ్చేదాకా నడిపించాను. ఇన్నేళ్లుగా ఎవరింట్లో ఏ గాభరా లేచినా ఒక ముక్క అని దాని గాలి తీసేయడమే నా పని. తీరా నాకు ఒక నిజమైన గాభరా వచ్చేసరికి ఊరు మొత్తం దాని గాలి తీసేసింది. నోటికి ఆ రుచి పట్టాక అందులోంచి నిజం కూడా జోకు లాగే బయటికొస్తుంది. నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత పరిస్థితి ఇంకా ముదిరింది. హైస్కూల్ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. రానంటే పెద్దవాడైపోయాడని అనుకుంటారని అమ్మ పంపింది. శాలువా కప్పారు. అది నాఫ్తలీన్ వాసన వేసింది, దిగేటప్పుడు మర్యాదగా వెనక్కి తీసుకున్నారు. అంతవరకు నాకు ఊరటగానే ఉంది. కానీ మైకులో నా పేరు ముందు ఆ బిరుదు చదివిన ప్రతిసారీ నా రెండు చెవులూ వేడెక్కాయి. ఆ వేడికి నా థీసిస్‌లో ఏ నూనే లేదు.

ఇక మళ్లీ చెయ్యడం మొదలుపెట్టాలి. దానికి ఈ సీజను నూనె కావాలి. కాశీబుగ్గలో మా మేనమామకి చిన్న జీడి బట్టీ ఉంది. తొక్కల నూనె ఆయనే తీయించి ఇస్తాడు. శనివారం తెచ్చుకుందామనుకుంటే నాన్న తయారైపోయాడు. "నూనె బరువు. నువ్వు మొయ్యలేవు" అన్నాడు. డబ్బా పదిలీటర్లది. నా బలం గురించి ఆయనకున్న అభిప్రాయం ఎప్పుడూ మారలేదు.

బట్టీలో పిక్కలు కొట్టే ఆడవాళ్లందరికీ నాన్న నన్ను చూపించాడు. ఆ ఫ్లెక్సీని వాళ్లు కూడా చూశారు. అందులో వరసకి పిన్ని అయ్యే ఒకావిడ తలెత్తకుండానే అడిగింది. "మా సేతులు కాల్చీసిన నూనె, ఇనుముకి సల్లగుంటాదేటి నాయనా?" జీడి సొన అంటి నల్లబడి, అక్కడక్కడా పొర ఊడిన వేళ్లు. ఇనుమంటే దానికి ఇష్టం పిన్నీ, మీరంటే పడదు అన్నాను. అందరూ నవ్వారు. మా పరిశోధనలో చేతుల గురించి ఒక్క వాక్యం కూడా లేదని బయటికొచ్చాక గుర్తొచ్చింది. టూల్ మొన అరుగుదల మాత్రం మైక్రాన్లలో కొలిచాను.

తిరుగు ఆటోలో డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న నాన్న, చాలాసేపు రోడ్డు చూసి, మామూలుగా అడిగాడు.

"అంతా అయిపోనాది కదా, మళ్లీ నూనెందుకురా?"

ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. పక్కన బెంచీ లేదు, నవ్వేవాళ్లు లేరు.

"స్టూడెంట్లకి" అన్నాను.

ఆయన తలూపాడు. గోతి వచ్చినప్పుడల్లా నూనె ఒలక్కుండా డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టాడు. దిగేదాకా అలాగే పట్టుకున్నాడు. నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ రోడ్డు నుంచి సముద్రం కనిపించదు. అయినా అటే చూశాను.

తర్వాతి వారం ఈదురుగాలికి సరుగుడు కర్రలు వంగి ఫ్లెక్సీ ఒకపక్కకి ఒరిగింది. ఆ వార్త ఫోనులో వినగానే నాకు కలిగిన సంతోషం ఈమధ్య కాలంలో ఏ పేపరు అచ్చయినప్పుడూ కలగలేదు. కానీ మా దగ్గర ఫ్లెక్సీకి చావు లేదు. కర్ర మీంచి దిగితే గడ్డివాము మీద కప్పు, పశువుల పాకకి తడిక, ఒడ్డున చేపలకి పరుపు. దాన్ని అమ్మ ఇంటికి తెప్పించుకుంది. పిక్కలు దిగే రోజులవి. ఆదివారం నేను వెళ్లేసరికి వాకిట్లో నేను వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాను. నా మీద ముక్కుదాకా పిక్కలు ఎండబోసి ఉన్నాయి. నాన్న ఆ పిక్కల్ని కాలితో దున్నుతూ నా నవ్వు మీదుగా బావ గడ్డందాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తున్నాడు.

నేను అరుగు మీద కూర్చున్నాను. ఇలాంటి దృశ్యం ఎదురుగా ఉంటే మామూలుగా నాకు పది మాటలు తోస్తాయి. ఒక్కటీ తోచలేదు.

"నాన్నా, ఆరోజు టీ కొట్టుకాడ సెప్పింది ఎటకారం కాదు."

ఆయన దున్నుతూనే ఉన్నాడు. "ఏటి సెప్పినావు?"

"తిరిగొచ్చీసింది. మళ్లీ సెయ్యమన్నారు. నాకింకా రానేదు."

ఇప్పుడు ఆగాడు. నా మొహం కేసి చూశాడు. కింద ఉన్నది కాదు, అరుగు మీద ఉన్నది.

"తప్పు సేసినావా?"

"తప్పు కాదు. ఒక్కోటీ ఒక్కసారే సేసినాను. మూడేసిసార్లు సెయ్యాల."

"ఒక్కసారే ఎందుకు సేసినావు?"

బేరింగు గురించీ ల్యాబుల గురించీ చెప్పడానికి నోరు తెరిచాను. కాలేజీలో అందరికీ ఒప్పిన జవాబు అది. నాన్నకి బేరింగు అంటే తెలుసు, మా బోరు మోటారుది రెండుసార్లు మార్పించాడు. ఆయన కూడా ఒప్పుకునేవాడే.

"మొదటిసారే బాగొచ్చింది నాన్నా. మళ్లీ సేత్తే పోతాదేమోనని బయమేసింది."

ఇది నేను కూడా మొదటిసారి విన్నాను. పరీక్షకుడు ఇది అడగలేదు. ఆయన చేయలేదని మాత్రమే రాశాడు.

నాన్న వంగి ఒక పిక్క తీసి చేతిలో తిప్పి చూశాడు. తుఫాను గురించీ మళ్లీ నాటిన మొక్కల గురించీ ఇప్పుడేదో అంటాడేమోనని భయపడ్డాను. సమయం సందర్భం అన్నీ కుదిరాయి. అలాంటి మాట వినాల్సివస్తే ఆ పూటే టెక్కలి బస్సెక్కేసేవాణ్ణి. అదృష్టవశాత్తూ మా నాన్నకి అలాంటి అలవాట్లు లేవు.

"అయితే ఆ నూనె స్టూడెంట్లకి కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

మళ్లీ దున్నడం మొదలుపెట్టాడు. అంతే. అరిచి ఉంటే బాగుండేది. అరుపుకి ఏదో ఒకటి అనగలను. ఆటోలో డబ్బా మూత మీద ఉన్న ఆ అరచేతికి ఏమనను?

సోమవారం పొద్దున్న నేను ఆటో కోసం మొగలో నిలబడ్డాను. నాన్న ఇంట్లో టీ తాగుతాడనే అనుకున్నాను. ఆయన నా వెనకాలే వచ్చి, బెంచీ మీద తన చోట్లో కూర్చున్నాడు. ఎదురుగా ఇప్పుడు రెండు వంకర కర్రలు, వాటి వెనక ఎవరిదో గోడ. గ్లాసు అందుకుని, "మావోడిది తిరిగొచ్చింది. మళ్లీ సేత్తన్నాడు" అన్నాడు. ఎవరో నవ్వబోయారు. నాన్న మొహం చూసి ఆపేశారు. ఆయన జన్మలో ఎటకారమాడి ఎరగడు. నేను చెబితే ఎవరూ నమ్మని సంగతి ఆయన నోట ఒక్కసారికే నిజమైపోయింది. మూడుసార్లు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆటో వచ్చేదాకా నేను తలొంచుకుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ ఉన్నాను. వాటికి పట్టీ లేదు.

అప్పట్నుంచి ఆదివారం ఊళ్లో అడుగుపెడితే చాలు. కొట్టాయన, కొబ్బరి దింపే ఆయన, పాలు పోసే ఆవిడ, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏటి, సేసినావా?" కిరాణా కొట్లో సబ్బు కొనాలన్నా ముందు నా ప్రయోగాలు ఎంతవరకొచ్చాయో చెప్పుకోవాలి. యూనివర్సిటీ పర్యవేక్షణ కమిటీ కూడా ఇంత పట్టుగా అడగదు. వాళ్లు ఏడాదికోసారి టీ బిస్కట్లతో అడుగుతారు. బావ మాత్రం నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. తన ఫొటో ఉన్న చోట అబద్ధం ఉండడం ఆయనకి కొత్త కాదు గానీ, దాన్ని మా నాన్నే బయటపెట్టడం కొత్త.

ప్రయోగాలు మళ్లీ చేశాను. నా భయం ఊరికే పోలేదు. మొదటిసారి వచ్చినంత గొప్పగా మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు. జీడి నూనె బజారు నూనె కంటే మేలే. కాకపోతే కొంచెం మేలు. కొన్నిసార్లు ఆ కొంచెం కూడా కనపడకుండా పోయింది. గీతలు దిగిపోయిన ఆ గ్రాఫులే థీసిస్‌లో పెట్టాను. గైడ్ గారు చూసి, ఇప్పుడిది నమ్మేలా ఉందన్నారు. అంటే ఇంతకుముందు ఆయనకి ఎలా ఉండేదో నేను అడగలేదు.

రెండోసారి ఇవ్వడానికి ముందు ఆదివారం ఊరెళ్లాను. వాకిట్లో ఆఖరి విడత పిక్కలు ఎండుతున్నాయి. ఫ్లెక్సీ బోర్లా పరిచి ఉంది. తెల్లటి వెనకవైపు పైకి, అక్షరాలూ మొహాలూ నేలకి. అమ్మ ఎప్పుడూ బొమ్మ పైకే పరుస్తుంది. ఇది నాన్న పని. అరుగు ఎక్కకుండా అక్కడే నిలబడిపోయాను. తర్వాత నా అలవాటు కొద్దీ నోరు జారాను.

"నా మొకం సూడనేక బోర్లించీసినావేటి నాన్నా?"

"ఎండకి రంగు ఎలిసిపోతంది. మళ్లీ కట్టాల కదా" అన్నాడు. ఒక గంప చేతికిచ్చి పిక్కలు ఎత్తమన్నాడు.

ఎత్తాను. ఆయన లోపలికి వెళ్లాక కొస పైకి తీసి చూశాను. బావ మొహం పెద్దది కావడంతో ఎండంతా దానికే తగిలి, దాదాపు తెల్లబడిపోయింది. నాది మాత్రం ఇంకా చెక్కు చెదరకుండా ఉంది. కొస కిందికి వదిలి, మిగిలిన పిక్కలు ఎత్తేశాను.